కరుణాంబిక మీద దావా

ఎర్రమన్ను కనుమలో రాక్షస గద్దల బారినుండి తప్పించుకొని, గుర్రాలను పోగొట్టుకొని, అరికాళ్లు బొబ్బలెక్కిన రాకుమారుడు అరుణకేతు, అతని రథసారథి తిప్పన్న మణిసేతు నగరం పొలిమేర చేరేసరికి తెల్లవారింది. ఒకరికి గుర్రం లేదు, ఒకరికి రథం లేదు. ఇద్దరూ తీర్థయాత్రకు బయలుదేరిన మేనమామా మేనల్లుళ్ల వేషంలో ఉన్నారు.

"నడవరా అల్లుడూ, నడు" అన్నాడు తిప్పన్న. వేషం వేసుకున్న దగ్గరనుంచి ఆ మాట అనే అవకాశం అతడు వదులుకోవడం లేదు.

"ఇక్కడ వినేవాళ్లెవరూ లేరు కదా తిప్పన్నా."

"అలవాటు తప్పకూడదు బాబుగారూ. రేపు నలుగురిలో నోరు జారితే?"

అరుణకేతు నవ్వబోయి, వేలి ఉంగరం చూసుకొని ఊరుకున్నాడు. ఆ ఉంగరంలోని పగడం అతని చెల్లెలు మందారిక ప్రాణానికి గుర్తు. మాంత్రికుడు కంకాళనేత్రుడు ఆమెను పాదాలనుంచి మొదలుపెట్టి రాయిగా మారుస్తున్నాడు. రాయి పైకి పాకేకొద్దీ పగడం బూడిదరంగుకు తిరుగుతున్నది. ఇప్పుడు నడుమ గోరింటాకు చుక్కంత ఎరుపు మాత్రమే మిగిలింది. మణిసేతులోని కరుణాంబిక గర్భగుడిలో వెలిగే దీపపు జ్వాలను తెచ్చి ఆమె నుదుటికి చూపిస్తే శాపం తొలగుతుందని కనుమలోని తాపసి చెప్పాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు: "వాడు ఏ రూపమైనా ధరించగలడు నాయనా. కాని దేవతా ప్రసాదం వాడి ఒంటికి నిప్పు."

ధర్మకూట రాజ్యానికి రాజధాని ఆ నగరం. నది మీద తెల్లరాతి వంతెనలు వెన్నముద్దలు పేర్చినట్టున్నాయి. మేడల మీది రాగి కలశాలు లేత ఎండలో మండుతున్నాయి. చంద్రకాంత శిలల అరుగుల మీద నెమళ్లు పురివిప్పి నడుస్తున్నాయి. సంపెంగ తోటలనుంచి వచ్చే గాలికి వీధి తోరణాలలోని చిరుగంటలు మోగుతున్నాయి. ఇంత వైభవమున్నా మనుషుల ముఖాలలో కళ లేదు. అంగళ్లు సగం తెరిచి ఉన్నాయి. కుమ్మరి సారె తిరగడం లేదు, మగ్గం చప్పుడు లేదు. చేతిలో చద్దిమూట పట్టుకొని, ఆవులిస్తూ, అందరూ ఒకేవైపు నడుస్తున్నారు.

"ఏదైనా జాతరా అన్నా?" అని తిప్పన్న ఒకడిని అడిగాడు.

"జాతరేమిటి, న్యాయసభ. నా దావా ఇవాళైనా పిలుస్తారో లేదో" అంటూ అతడు ఆగకుండా పోయాడు.

గుడి దగ్గరకు చేరిన అరుణకేతు అడుగు ఆగిపోయింది. ఏనుగు దంతాల చెక్కడాలున్న మహాద్వారానికి లక్కముద్రలు వేసి ఉన్నాయి. లోపల దీపం లేదు. గడపకు దూరంగా, ఎండలో, ఒక ముసలి పూజారి కూర్చొని వత్తులు చేస్తున్నాడు. ఆయన మెడలో బరువైన ఇత్తడి పట్టెడ ఉంది. ఆయన పేరు కోనప్ప.

"అమ్మవారు లేరు నాయనా" అన్నాడాయన తల ఎత్తకుండా. "న్యాయసభలో ఉన్నారు. ఆవిడ మీద దావా నడుస్తున్నది."

"దేవత మీద దావాయా?"

"మా పాత రాజు మంచివాడే. అమ్మవారి మాన్యం పొలాలు ఎవరెవరో కాజేస్తుంటే, ఆవిడ తరఫున అడిగే దిక్కు లేదని చట్టం చేశాడు. మనిషిలాగే దేవత కూడా ఫిర్యాదు చెయ్యవచ్చు అని. ఫిర్యాదు చెయ్యగలవాళ్ల మీద ఫిర్యాదు కూడా చెయ్యవచ్చు కదా. ఆ రెండో సంగతి ఎవరికీ తట్టలేదు. లేఖకుడు అక్కజుడు ఊళ్లోకి వచ్చాక తట్టింది. ఎవరికి ఏ మొక్కు తీరకపోయినా వాడే పిలిచి ఉచితంగా దావా రాసిపెడతాడు. ఒకటి ముగిసేలోపల ఇంకొకటి. దావా ఉన్నంతకాలం ప్రతివాది సభ దాటరాదు. అమ్మ ఇంట లేనప్పుడు దీపం వెలిగించరాదు."

"మీ మెడలో ఇదేమిటి తాతగారూ?" అన్నాడు తిప్పన్న.

"దేవత నోరు విప్పి మాట్లాడదు కదా. ఆవిడ బదులు మాట్లాడటానికి ఒక పూచీదారు కావాలి. ఎవడో కొట్టిన కొబ్బరికాయ కుళ్లిపోయింది. మనసు కష్టపెట్టిందని అమ్మ మీద దావా వేశాడు. నేను పూచీ నిలబడి ఓడిపోయాను. పట్టెడ వేశారు. ఇది ఉన్నవాడు ఊరు దాటకూడదు, గుడి గడప తొక్కకూడదు."

"కుళ్లిన కాయ అమ్మినవాడి మీద వెయ్యవచ్చుగా దావా?"

"వాడు వీడి బావమరిది."

అప్పుడే గుడి అడుగునుండి ఏదో గీరుకుంటున్నట్టు చప్పుడు వచ్చింది. కోనప్ప వత్తి చెయ్యడం ఆపాడు.

"రోజూ వినిపిస్తుంది. ఎలుకలంటారు. ఆవిడ పీఠం కింద శిలామణి ఉందని మా తాత చెప్పేవాడు. అది చిక్కినవాడికి లోకంలో రాళ్లయిన మనుషులంతా లేచి సేవ చేస్తారట. ఆవిడ బరువు దాని మీద ఉన్నంతవరకు ఎవరూ తీయలేరు."

అరుణకేతు వేలి మీది పగడం చల్లబడింది. దేవతను ఏ మంత్రమూ కదిలించలేదు. చట్టం కదిలించింది. అతడు మారు మాట లేకుండా న్యాయసభవైపు పరుగెత్తాడు. "ఆగరా అల్లుడూ" అంటూ వెనక తిప్పన్న.

న్యాయసభ పొన్న చెక్క స్తంభాలతో, పగడపు పూసల తెరలతో కట్టిన విశాలమైన మండపం. నడుమ ప్రమాణాల కుంపటి ఎర్రగా రాజుకొని ఉంది. వాదులు దాని మీద చేయి చాచి నిజమే చెబుతామని ఒట్టు పెట్టుకుంటారు. ప్రతివాది స్థానంలో ఒక పల్లకీ. పల్లకీలో గర్భగుడి పీఠం మీదినుంచి తెచ్చిన కరుణాంబిక విగ్రహం. మెడలో వాడిన చేమంతులు, నుదుట ఎండి రాలుతున్న కుంకుమ. చుట్టూ పసుపుతో గీసిన గీత. మట్టిపొయ్యి ముందు పొగలో కూర్చున్న ఇల్లాలిలా ఆమె చిరునవ్వు నవ్వుతూనే ఉంది.

ఎదురుగా ధర్మాధికారి వేదగిరి ఒక పాత పనసచెక్క పీట మీద కూర్చున్నాడు. ఆ పీటనే ధర్మాసనం అంటారు. ఆయన ప్రతి ఉదయం ముందు అమ్మవారి పాదాలకు మొక్కి, తరువాత పీట ఎక్కి, "ప్రతివాది హాజరేనా" అని అడగాలి. ఆ మాట అడిగేటప్పుడు మాత్రం ఆమె ముఖం చూడడు. ఆయన కళ్ల కింద నల్లని సంచులు వేలాడుతున్నాయి. రోజంతా ఆయన ఎదురుచూసేది సాయంత్రం "సభ లేచింది" అనే ఒక్క మాట కోసమే అని ఊరంతా చెప్పుకుంటారు.

"అప్పడాల చెంగమ్మ" అని బంటు పిలిచాడు.

బలంగా ఉన్న ఒక నడివయసు స్త్రీ గంప దించి ముందుకు వచ్చింది. ఆమె వెనక లేఖకుడు అక్కజుడు వచ్చి నిలబడ్డాడు. సన్నని మనిషి, పట్టు అంగీ. చేతులు రెండూ పొడవాటి చేతిసంచుల్లాంటి అంగీ కొసలలో దాగి ఉన్నాయి. పల్లకీ మీది గొడుగు నీడ తన పాదాల మీద పడకుండా అతడు ఒక అడుగు పక్కకు జరగడం అరుణకేతు గమనించాడు.

"నీ ఫిర్యాదేమిటమ్మా?" అన్నాడు వేదగిరి.

"ఏం చెప్పమంటారయ్యా. పెళ్లివారి అప్పడాలు ఆరబెట్టుకొని, వాన పడకుండా చూడు తల్లీ అని ఈవిడకు మొక్కుకున్నాను. ఆ పెసర చేనోడు వాన కావాలని మొక్కాడు. నేను ముందు మొక్కాను. ఈవిడ వాడి మాట విన్నది. అప్పడాలన్నీ తడిసి వంకర్లు పోయాయి. ఇదిగో, సాక్ష్యానికి తెచ్చాను." గంప మీది గుడ్డ తీసి, విగ్రహంవైపు తిరిగింది. "పోయిన శ్రావణంలో చీర పెట్టాను నీకు. గుర్తుందా?"

సభలో ఎవరూ నవ్వలేదు. మొక్కు తీరకపోతే దేవుడి మీద అలగని ఇల్లు ఏది? కాకపోతే మిగతా ఊళ్లలో ఆ అలక దేవుడి గూటి ముందే మొదలై అక్కడే చల్లారుతుంది. ఇక్కడ దానికి పిలిచి కాగితం రాసిపెట్టేవాడు దొరికాడు.

"ప్రతివాదికి పూచీ ఎవరు?" అని వేదగిరి అడిగాడు. మూలన ఇత్తడి పట్టెడలు వేసుకున్నవాళ్లు తలలు వంచుకున్నారు. "పూచీ ఉంటే, ఓడినా శిక్ష పూచీదారుకే. పూచీ లేకపోతే ప్రతివాదే ఓడినట్టు. గుడి తలుపు శాశ్వతంగా మూసినట్టు" అన్నాడాయన ఎవరి ముఖమూ చూడకుండా.

"నేను పూచీ" అన్నాడు అరుణకేతు.

తిప్పన్న అతని ఉత్తరీయం పట్టి లాగాడు. "మెడలో పట్టెడ పడితే ఈ ఊళ్లోనే ఉండిపోవాలి బాబుగారూ. చెల్లెమ్మ సంగతేమిటి?"

"తలుపు మూసుకుపోతే మాత్రం చెల్లెలు దక్కుతుందా?" అని అరుణకేతు పసుపు గీత దాటి పల్లకీ పక్కకు వెళ్లాడు.

"గీతలోకి వచ్చావు" అన్నాడు వేదగిరి. "దావా తేలేదాకా ప్రతివాదిని విడిచి కదలకూడదు. కదిలితే నువ్వు పారిపోయినట్టు. నువ్వు పారిపోతే ఆవిడ ఓడినట్టు. చెప్పు, ప్రతివాది తరఫున ఏమంటావు?"

అరుణకేతు విగ్రహం ముఖం చూశాడు. వాడిన పూలు చూశాడు. "ప్రతివాదికి ఆకలిగా ఉంది స్వామీ. ఆమెకు నైవేద్యం పెట్టి ఎన్నాళ్లయింది?"

సభ అంతా గుసగుసలాడింది. వేదగిరి అమ్మవారివైపు తిరగబోయి ఆగాడు. ప్రతివాదిని పస్తుపెట్టి విచారించరాదన్నది ఆ రాజ్యంలో మొదటి నియమం. దావాలు పెరిగి, ఊపిరి తిరగక, దాన్ని ఎప్పుడు విడిచిపెట్టాడో ఆయనకే గుర్తులేదు.

అక్కజుడు సన్నగా నవ్వాడు. "విగ్రహానికి ఆకలేమిటి ధర్మాధికారీ? ఈ కుర్రవాడు సభ సమయం వృథా చేస్తున్నాడు."

"ఆకలి లేని విగ్రహానికి చెవులెక్కడివి?" అన్నాడు అరుణకేతు. "మొక్కు విన్నదని దావా రాసింది తమరే. విన్నదంటే ఆకలీ ఉంటుంది. ఆకలి లేదంటారా, అప్పుడు విననూ లేదు, దావాయే లేదు. రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి."

వేదగిరి పీట మీద నిటారుగా కూర్చున్నాడు. ఆయన వీపు అలా నిలబడటం సభలో చాలామంది మొదటిసారి చూశారు. "లేఖకుడా, జవాబు చెప్పు."

అక్కజుడు చేతులను అంగీ కొసలలోకి ఇంకా లోపలికి ముడుచుకున్నాడు.

"అయితే నైవేద్యం పెట్టండి. ఏముంది ఇక్కడ?" అన్నాడు వేదగిరి.

ఏమీ లేదు. చద్దిమూటలు ఎంగిలివి. అందరి చూపులూ చెంగమ్మ గంప మీదికి పోయాయి. ఆమె గంపను ఒడిలోకి లాక్కుంది.

"ఇవి సాక్ష్యం" అంది.

"వంకరైనా మినుములు మినుములే కదా అత్తా" అన్నాడు తిప్పన్న. "నీ చేతి రుచి ఆవిడకైనా తెలియాలి."

చెంగమ్మ విగ్రహంవైపు తిరిగింది. "పొద్దుటినుంచి ఏమీ తినలేదా నువ్వు?" అంది, పక్కింటామెను అడిగినట్టు. తరువాత కొంగు నడుముకు దోపి, పుల్లకు అప్పడం గుచ్చి, చుట్టూ చూసింది. నిప్పు ఒక్క చోటే ఉంది.

"ప్రమాణాల కుంపటి మీద అప్పడాలా?" అని బంటు అడ్డు వచ్చాడు.

"ఇన్నాళ్లూ ఆ నిప్పు మీద అబద్ధాలు కాలుతున్నాయి" అన్నాడు వేదగిరి నీరసంగా. "అప్పడాలు కాలితే తప్పేమిటి? కాల్చుకో తల్లీ."

మినప అప్పడం కాలిన కమ్మని వాసన న్యాయసభ నిండా వ్యాపించింది. చెంగమ్మ అరిటాకు ముక్కలో పెట్టి, పల్లకీ ముందు ఉంచి, కళ్లు మూసుకుంది. సభలో ఉన్నవాళ్లందరూ, దావా వేసినవాళ్లూ వేయనివాళ్లూ, తమకు తెలియకుండానే చేతులు జోడించారు. ఆ నిశ్శబ్దంలో పగడపు పూసల తెర ఒక్కసారి కదిలింది. గాలేమో. గాలే కావచ్చు.

"పెట్టిన నైవేద్యం దావాతో సంబంధమున్న ప్రతివాళ్లూ తినాలి. అదీ నియమమే" అన్నాడు వేదగిరి.

చెంగమ్మ పంచడం మొదలుపెట్టింది. ధర్మాధికారికి పెట్టింది. అరుణకేతుకు పెట్టింది. లేఖకుడి దగ్గరకు వచ్చింది.

"నాకు వద్దు. ఉపవాసం" అన్నాడు అక్కజుడు వెనక్కి జరుగుతూ.

"ప్రసాదానికి ఉపవాసమేమిటి నాయనా. నా కోసం ఇంత రాశావు, ఉత్త చేతులతో పంపుతానా? చెయ్యి పట్టు."

"వద్దన్నానుగా."

"మొహమాటం వద్దు" అని చెంగమ్మ అతని అంగీ చెయ్యి పైకి లాగి అరచేతిలో అప్పడం ముక్క పెట్టింది.

కాగిన నూనెలో నీళ్లు పడ్డ చప్పుడయింది. ఆ అరచేయి బొగ్గయింది. పట్టు అంగీ పాముకుబుసంలా జారిపోయి, లోపలనుండి ఎముకలు లెక్కపెట్టగలిగేంత చిక్కిన నల్లని ఆకారం లేచి నిలబడింది. కనుగుంటలలో నీలిమంటలు. కంకాళనేత్రుడు. అరుణకేతు ఉత్తరీయం కింద దాచిన కత్తి దూసేలోపల వాడు పొగచుట్ట అయి, కప్పు చీల్చుకొని గుడివైపు దూసుకుపోయాడు. మరుక్షణం నేల కంపించింది. గుడి అడుగున రాళ్లు పగులుతున్న చప్పుడు ఇక్కడికి వినిపించింది.

అరుణకేతు ముందుకు ఉరికాడు. పసుపు గీత మీద బంటు ఈటె అడ్డుపడింది.

"గీత దాటకు" అన్నాడు వేదగిరి.

"వాడు శిలామణి కోసం తవ్వుతున్నాడు. నా చెల్లెలి ప్రాణం..."

"తెలిసింది నాయనా. కాని నువ్వు దాటితే ఆవిడ ఓడుతుంది. ఓడితే ఆ తలుపు ఇక తెరవను. నేను ప్రమాణం చేసినవాణ్ణి."

చెంగమ్మ తల కొట్టుకుంది. "నా దావా నేను మానుకున్నానయ్యా. తల్లి నా అప్పడం తిన్నది. ఇంకేం కావాలి నాకు?"

"నీది పోయినా నీ వెనక వరుస ఉందమ్మా. పొద్దున్నే నమోదయ్యాయి. అవి తేలేదాకా ప్రతివాది సభలోనే ఉండాలి."

వరుసలో నిలబడ్డవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కుస్తీలో ఓడిన వస్తాదు, మాట్లాడని పెళ్లాం కావాలని మొక్కుకొని ఆమె నిజంగానే మాట్లాడటం మానేసిందని వచ్చిన సుంకరి, ఇంకా ఎవరెవరో. పగడంలో ఎరుపు ఆవగింజంత అయింది. అరుణకేతు కత్తి పిడి మీద చేయి బిగుసుకుంది. ఒక్క అడుగు వేస్తే చాలు. ఆ అడుగు వేస్తే అంతా పోతుంది.

వేదగిరి చాలాసేపు విగ్రహంవైపు చూశాడు. ఈసారి ముఖం చూశాడు. తరువాత మోకాళ్ల మీద చేతులాన్చి, మూలుగుతూ లేచి, తాను కూర్చున్న పనసచెక్క పీటను చంకన పెట్టుకున్నాడు.

"సభ లేచిందా స్వామీ?" అన్నాడు బంటు ఆశ్చర్యంగా.

"లేవలేదు. ధర్మాసనం ఎక్కడుంటే అదే సభ. మిగిలిన దావాలన్నీ గుడిలో దొరికిన వరాల గురించి, దొరకని వరాల గురించి. స్థలం చూడకుండా తీర్పు ఎలా చెప్పను? సభ స్థల పరిశీలనకు బయలుదేరుతున్నది. ప్రతివాది రావాలి, పూచీదారు రావాలి, వాదులంతా రావాలి. పల్లకీ ఎవరు మోస్తారు?"

ముందుగా వస్తాదు వచ్చి భుజం పెట్టాడు. తరువాత సుంకరి. ఆమె మీద దావా వేసినవాళ్లే నాలుగు కొమ్ములూ పట్టి పల్లకీని ఎత్తారు. చెంగమ్మ పసుపు గుప్పిట నింపుకొని పల్లకీ చుట్టూ గీత గీస్తూ, అది చెరిగిపోతే మళ్లీ గీస్తూ పరుగెత్తింది. గీత లోపలే అరుణకేతు పరుగెత్తాడు. పీట చంకన పెట్టుకొని, ముసలి ధర్మాధికారి అందరికంటే ముందు సాగాడు. పగుళ్లు ఇచ్చిన వీధుల మీదుగా, కూలుతున్న తోరణాల కిందుగా సభ గుడి చేరింది.

వేదగిరి తన చేత్తోనే లక్కముద్రలు తెంపాడు. గర్భగుడి నేల నెర్రెలు విచ్చి ఉంది. నెర్రెలలోంచి నీలిపొగ లేస్తున్నది. గడప మీద పీట వేసి ఆయన కూర్చున్నాడు. అమ్మవారిని పీఠం మీద దించగానే పగుళ్లు ఆగాయి. అడుగున ఏదో బాధగా అరిచింది.

"దీపం" అన్నాడు అరుణకేతు.

కోనప్ప వత్తులు పట్టుకొని గడప బయట నిలబడి ఉన్నాడు. ఒక చేయి మెడలోని పట్టెడ మీదికి పోయింది.

"పూజారి కోనప్ప సాక్ష్యానికి సభ ముందుకు రావాలి" అన్నాడు వేదగిరి. "సభ పిలిచినవాడికి గడప అడ్డు లేదు."

ముసలాయన లోపలికి వచ్చి, వత్తి వేసి, నిప్పు ముట్టించాడు. జ్వాల బంగారు రేకులా నిలబడింది. చీకటిలో ఉన్న అమ్మవారి ముఖం వెలిగింది. పగడంలోని ఆవగింజంత ఎరుపు ఇక తరగకుండా నిలిచింది. అరుణకేతు ప్రమిద అందుకొని తిరిగాడో లేదో, పీఠం పక్కనున్న రాతిపలక పేలి, బొగ్గయిన అరచేయి ఒకటి పైకి వచ్చి అతని చీలమండ పట్టుకుంది. ప్రమిద వదిలితే కత్తి దూయవచ్చు. అతడు ప్రమిద వదలలేదు. రెండు చేతులా దాన్ని గుండెకు పొదువుకొని, జ్వాల ఆరకుండా వంగి, ఆ నల్లని బిలంలోకి జారిపోయాడు.

"అల్లుడూ" అని అరిచాడు తిప్పన్న. ఈసారి వేషం కోసం అనలేదు. తన కత్తి దూసి తానూ బిలంలోకి దూకాడు.

గుడిలో ఎవరూ కదలలేదు. బిలంలో దూరంగా, ఇంకా దూరంగా, చిన్న వెలుగు దిగిపోతున్నది. పూచీదారు ప్రతివాదిని విడిచి వెళ్లాడు. అందరి కళ్లూ ధర్మాధికారి మీదికి తిరిగాయి.

"ఆమె పీఠం కిందే ఉన్నాడు. విడిచి వెళ్లలేదు" అన్నాడు వేదగిరి.

బయట పొద్దు వాలుతున్నది. సభ లేవవలసిన వేళయింది. బంటు అలవాటుగా శంఖం ఎత్తబోయాడు. వేదగిరి కళ్లు తుడుచుకొని, పీట మీద సర్దుకొని కూర్చున్నాడు.

"శంఖం దించు. ఆ పిల్లవాడు తిరిగి వచ్చేదాకా ఈ సభ లేవదు."